ఏడో శవం

శవానికి ఆరు వందలు, ఏడ్చేవాళ్ళకి ఎనిమిది.
నాకు ఏడవడం రాదని చెప్పేను మేనేజరుకి.
అయితే పడుకో, అన్నాడు. ఏడో శవం నువ్వే.

మా లంక మీదే తీసేరు సినిమా.
ఏడువందల ఏళ్ళ కిందటి మహామారి అంట.
రాజుగారు పడవలన్నీ తగలబెట్టించి
ఇటువాళ్ళు అటు దాటితే తల తీస్తానని
దండోరా వేయిస్తాడంట.
కథ విని కర్రి సుబ్బాయమ్మ
"పడవలు కాల్చడం దేనికండీ,
వరదొస్తే పంటు ఎలాగూ ఆగిపోద్ది కదా" అంది.
డైరెక్టరు నవ్వలేదు. ఆ మాట చీటీ మీద రాసుకున్నాడు.

కాల్చడానికి నా పాత నావ అడిగేరు, నాలుగు వేలకి.
ఇవ్వనన్నాను.
ఆయాసంతో ఉన్న పేరంటాలుని
కోటిపల్లి రేవుకి దాటించింది దాన్లోనే.
అట్టముక్కలతో కట్టుకున్నారు వేరే నావ.
చెక్కదానికంటే బాగా మండింది అది.

ఎలుకలు కావాలన్నారు.
బుట్టలు పెట్టే గంటా ఏసుదాసు
మినపచేలో రాత్రంతా కూర్చుని నలభై పట్టేడు.
ఇవి మరీ బలిసున్నాయి, రోగం కనపడ్డం లేదన్నారు.
మా మినుములు తిని చిక్కుతాయేంటండీ మరి!
లైట్లు వెయ్యగానే నలభైకి నలభై
అరటి బోదెల మాటుకి పోయేయి.
ఏసుదాసు డబ్బులు లెక్కపెట్టుకుని
మర్నాడు మళ్ళీ వాటినే పట్టుకొచ్చేడు.

నాకు చంకలో గడ్డ పెట్టేరు,
మైదా, చింతపండు గుజ్జు, పైన బెల్లప్పాకం.
మేకప్ కుర్రాడిది నెల్లూరు. వేళ్ళు మెత్తన.
"చక్కిలిగిలి పెడితే చెప్పు తాతా" అన్నాడు.
ఏం చెప్పలేదు.
రెండేళ్ళయింది, ఒకళ్ళు నన్ను ముట్టుకుని.

ఇసకలో వరసగా పన్నెండుమందిమి.
ఆరో శవం మా బావమరిది, బీడీ వాసన.
ఊపిరి బిగబట్టండి అని మైకులో చెప్పేరు.
బెల్లానికి చీమలొచ్చేయి,
ముందు ఒకటి, తర్వాత ఊరంతా.
కదల్లేదు నేను.

అప్పుడొచ్చింది ఆవిడ, హైదరాబాదు పిల్ల,
జుట్టు విరబోసుకుని, ఏడో శవం పెళ్ళాంగా.
నా గుండె మీద తల పెట్టి
నా గెడ్డం పట్టుకుని
నా చెయ్యి తన చెంపకేసి రుద్దుకుని
ఏడ్చింది.
కట్ అన్నారు.
మబ్బు అడ్డొచ్చిందని మళ్ళీ ఏడ్చింది.
ఏట్లో ఇంజను పడవ చప్పుడని మళ్ళీ.
కన్నీళ్ళు చెంప దాకా రాలేదని మళ్ళీ.
పదకొండు సార్లు.

కాకినాడ పెద్దాసుపత్రి వెనక గేటు దగ్గర
నీలం సంచీ ఒకటి చూపించి
దూరం, దూరం అన్నారు.
దాని మీద పేరంటాలు అని రాయలేదు,
పంతొమ్మిదో మంచం అని ఉంది.
పేరంటాలేనా అని అడిగేను.
కర్ర పట్టుకున్న కుర్రాడు తలూపేడు.
వాడూ ఏడుస్తున్నాడో ఏమో,
ఆ ముసుగులో తెలీలేదు.
జిప్పు ముందే వేసేసేరు.
మళ్ళీ తీద్దాం అని ఎవరూ అనలేదు.

పదకొండోసారి ఆ పిల్ల నా చెవి దగ్గర
డైలాగులో లేని మాట ఒకటంది,
"సారీ అండీ, చాలాసేపు పడుకోబెట్టేం."
శవాన్ని కదా, బదులు చెప్పలేదు.
మళ్ళీ మబ్బు పడితే బాగుండునని మాత్రం
కళ్ళు మూసుకుని చూశాను.

అమలాపురంలో నాలుగు రోజులు ఆడింది సినిమా.
నా మొహం ఎక్కడా లేదు.
తెరంతా ఆ పిల్ల మొహమే,
కింద మూలని నా కుడికాలు,
తెడ్డు పడి చితికిన గోరుతో సహా.
"నాన్నా, నీ కాలు!" అంది నాగసత్య, హాలంతా వినేట్టు.
ఆవిడ నా మీద పడి కేక వేసినప్పుడు
బొటనవేలు కదిలింది.
కదల్లేదనే అనుకున్నాను ఆవేళ.
పదకొండిట్లోనూ ఏరి, ఆ టేకే ఉంచేరు.

వెనక కుర్చీలోంచి ఎవడో నవ్వేడు:
"ఒరేయ్, శవం బతికే ఉందిరోయ్."